దయ అడగబోయే ముందు

ఇరవై ఏళ్ళకే హత్య కేసులో జైలుకెళ్ళిన కొడుకు గురించి తల్లి చెబుతుంటే వినండి. అతనికి నలభై దాటినా ఆమె మాటల్లో ఇంకా ఇరవై దగ్గరే ఉంటాడు. "మా వోడు చీమక్కూడా అపకారం చెయ్యడండీ. స్నేహితులే పాడుచేసేరండీ" అంటుంది. అల్లవరం మండలంలో బెండమూర్లంక మొదలుకొని ఓడలరేవు దాకా ఏ ఊరి తల్లయినా ఇంతకంటే వేరేగా చెప్పదు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆ ఒక్క మాట మీద ఏ ప్రభుత్వమూ జైలు తలుపు తియ్యదు.

క్షమాభిక్ష కోసం తిరిగే కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. వాళ్ళు ఆనాటి కుర్రాడి కోసం అడుగుతారు. ప్రభుత్వం తేల్చుకోవలసింది ఈనాటి మనిషి గురించి. ఇతణ్ణి బయటికి పంపితే మళ్ళీ ఎవరికైనా హాని చేస్తాడా? ఎక్కడుంటాడు, ఏం చేసి బతుకుతాడు? ఇంకా లోపలే ఉంచితే ఎవరికి ఏం ఒరుగుతుంది? ఆ కుర్రాడు ఈ మనిషిగా ఎలా మారాడో చూపించే రుజువులు ఏళ్ళ తరబడి పోగుచెయ్యడమే మీ పని. ఏడుపు వద్దని చెప్పడం లేదు. ఏడుస్తూనే ఈ పని చెయ్యాలి, ఎందుకంటే మీ తరఫున ఇంకెవరూ చెయ్యరు.

ముందు వయసు తేల్చుకోండి

నేరం జరిగిన రోజుకి మీవాడికి పద్దెనిమిదేళ్ళు నిండాయా? ఈ ప్రశ్నకి జవాబు ఇంట్లో అందరికీ తెలుసనుకుంటాం. కానీ పోలీసులు రాసుకున్న వయసే కోర్టు కాగితాల్లోకి, అక్కడినుంచి జైలు రికార్డులోకి ఎక్కుతుంది. "ఇరవై ఉంటాయండీ" అని అరెస్టు రోజున ఎవరో అన్న మాటని పాతికేళ్ళు ఒక మనిషి మోస్తాడు.

పుణెలో 1994లో ఏడుగురిని చంపిన కేసులో నారాయణ్ చేతన్‌రాం చౌధరి అనే రాజస్థాన్ కుర్రాడికి ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టు కూడా 2000లో దాన్ని ఖాయం చేసింది. అతని ఊరి బడి రిజిస్టరులో పేరు నిరానారామ్ అని ఉంది. ఆ రిజిస్టరు లెక్కన నేరం నాటికి అతనికి పన్నెండేళ్ళు నిండి ఆరు నెలలు. 2023 మార్చి 27న సుప్రీంకోర్టు ఆ పుట్టిన తేదీని ఒప్పుకుని విడిచిపెట్టింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు దాటి జైల్లో ఉన్నాడు. బాలుడిగా గుర్తించి ఉంటే మూడేళ్ళకు మించి ఉంచకూడదు.

ఓంప్రకాశ్ కేసు ఇంకా బాధగా ఉంటుంది. డెహ్రాడూన్‌లో ఒక ఇంట్లో పనివాడు. 1994లో ఆ ఇంటివాళ్ళ హత్య జరిగేనాటికి పద్నాలుగేళ్ళవాడు. తాను మైనరునని మొదటినుంచీ చెబుతూనే వచ్చాడు. బ్యాంకులో ఖాతా ఉంది కాబట్టి మేజరే అన్నారు. ఉరిశిక్ష పడింది. 2012లో రాష్ట్రపతి దాన్ని తగ్గిస్తూ, అరవై ఏళ్ళు వచ్చేదాకా విడుదల మాత్రం ఉండదన్నారు. అంటే క్షమాభిక్ష దొరికింది, న్యాయం దొరకలేదు. 2025 జనవరి 8న సుప్రీంకోర్టు బడి సర్టిఫికెట్ చూసి అతణ్ణి వదిలింది. దాదాపు పాతికేళ్ళు పోయాయి.

బాలల న్యాయ చట్టం సెక్షన్ 9 ప్రకారం మైనరునన్న వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా ఎత్తవచ్చు. తుది తీర్పు వచ్చాక కూడా ఎత్తవచ్చు. వయసు తేల్చడానికి మొదట చూసేది బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ గాని మున్సిపాలిటీ గాని ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు మీద ఉన్న తేదీని నమ్ముకోకండి. వయసుకు అది సరైన రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది.

కోనసీమలో దీనికో అడ్డంకి ఉంది. 1996 నవంబర్ 6 తుఫానులో ఇళ్ళ కప్పులే నిలవలేదు, ట్రంకుపెట్టెలో కాగితాలు ఏం నిలుస్తాయి? అంతమాత్రాన చెయ్యి దించేసుకోకండి. ఇంట్లో కాగితం పోయినా బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉండి ఉండవచ్చు. మీవాడు మొదట చేరిన ఎలిమెంటరీ స్కూలుకి వెళ్ళి ప్రధానోపాధ్యాయుణ్ణి రాతపూర్వకంగా అడగండి. అక్కడ లేకపోతే తర్వాత చేరిన హైస్కూల్లో టీసీ నకలు ఉంటుంది. బళ్ళో పేరుకీ కేసులో పేరుకీ తేడా ఉంటే బెంగపడకండి. ఇద్దరూ ఒకరేనని చెప్పే పత్రాలు కూడా పోగుచెయ్యండి. పదిహేడేళ్ళ పది నెలలని తేలినా అది మైనరు వయసే. అప్పుడు మీరు అడిగేది దయ కాదు, హక్కు. ఆ పిటిషన్ కోర్టుకి వెళ్తుంది, గవర్నరుకి కాదు.

పద్నాలుగేళ్ళ లెక్క

వయసు పద్దెనిమిది దాటిందని తేలితే ఇక మిగిలింది శిక్ష తగ్గింపు, అంటే ముందస్తు విడుదల. "యావజ్జీవం అంటే పద్నాలుగేళ్ళే కదండీ" అని ఊళ్ళో ప్రతి అరుగు మీదా వినిపిస్తుంది. అది తప్పు. యావజ్జీవ శిక్ష అంటే ప్రాణం ఉన్నంత కాలం అని సుప్రీంకోర్టు 1961లోనే, గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో చెప్పింది. ఉరిశిక్షకూ వీలున్న నేరంలో యావజ్జీవం పడినవాణ్ణి, లేదా ఉరి తగ్గి యావజ్జీవం అయినవాణ్ణి, పద్నాలుగేళ్ళు నిజంగా లోపల గడిపేదాకా ప్రభుత్వం ముందస్తుగా వదలకూడదని మాత్రమే చట్టం చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 433-ఎ. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 475. పద్నాలుగేళ్ళు నిండితే అడిగే అర్హత వస్తుంది. విడుదల దానంతటది రాదు.

లెక్క వేసేటప్పుడు సత్ప్రవర్తనకు జైలు ఇచ్చే రెమిషన్ రోజులు ఈ పద్నాలుగేళ్ళలో కలపరు. తీర్పుకి ముందు రిమాండ్‌లో గడిపిన కాలం కలుస్తుంది. పెరోల్ మీద బయట ఉన్న రోజులు తీసేస్తారని 2023లో గోవా ఖైదీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ తీసుకుని, అరెస్టు తేదీ నుంచి మీరే ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. లాయరు గారి దగ్గర ఉందిలే అనుకోవద్దు. లాయర్లు మారతారు, నోటుపుస్తకం మారదు.

ఏ గడప తొక్కాలి

ఇక్కడ మూడు అధికారాలున్నాయి. రాష్ట్ర ప్రభుత్వానికి సంహితలోని 473వ సెక్షన్ కింద శిక్ష తగ్గించే అధికారం ఉంది. గవర్నరుకి రాజ్యాంగం 161వ అధికరణం కింద, రాష్ట్రపతికి 72వ అధికరణం కింద క్షమాభిక్ష అధికారం ఉంది. పద్నాలుగేళ్ళ నిబంధన మొదటి అధికారానికే వర్తిస్తుంది. రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్ని అది కట్టెయ్యలేదని 1980లో మారూరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో హర్యానా కేసులో ఆ మాటే మళ్ళీ చెప్పారు. మీవాడికి ప్రాణాంతకమైన జబ్బు ఉండి పద్నాలుగేళ్ళు ఆగలేని పరిస్థితి అయితే 161 కింద అడగవచ్చు.

గవర్నరు బంగళాకి పంపిన అర్జీ తిరిగి హోంశాఖకే వస్తుంది. గవర్నరు మంత్రివర్గం సలహా మీదే నడవాలి. కాబట్టి గవర్నరు కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో వేసి రశీదు దాచుకుని కూర్చుంటే చాలదు. జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపిన అర్జీకే ప్రవర్తన నివేదిక, పోలీసు నివేదిక, ప్రొబేషన్ అధికారి నివేదిక జతపడతాయి. అవి లేని అర్జీని అవి కావాలంటూ కిందికే తిప్పి పంపుతారు.

ఏ రాష్ట్ర ప్రభుత్వం అన్నది కూడా చూసుకోండి. మన వైపు కుర్రాళ్ళు చాలామంది హైదరాబాద్‌లో పనులకి వెళ్తారు. కేసు అక్కడి కోర్టులో నడిచి శిక్ష పడితే, తర్వాత రాజమహేంద్రవరం సెంట్రల్ జైలుకి మార్చినా అడగవలసింది తెలంగాణ ప్రభుత్వాన్నే. శిక్ష పడిన రాష్ట్రమే శిక్ష తగ్గించగలదని 2024 జనవరి 8న బిల్కిస్ బానో కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పి, గుజరాత్ ఇచ్చిన విడుదలలు రద్దు చేసింది. కేసు సీబీఐ దర్యాప్తు చేసినదైతే కేంద్రం సమ్మతి కూడా కావాలి.

అడగకపోయినా చూడవలసిన బాధ్యత

2025 ఫిబ్రవరి 18న వచ్చిన ఒక తీర్పు ఈ అధ్యాయం చదివే ప్రతి ఇంటికీ తెలియాలి. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం ఏమన్నదంటే, ముందస్తు విడుదలకు రాష్ట్రంలో విధానం ఉన్నప్పుడు, అర్హత వచ్చిన ఖైదీ దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా ప్రభుత్వం పరిశీలించి తీరాలి. విధానం లేని రాష్ట్రం రెండు నెలల్లో చేసుకోవాలి. కాదంటే కారణం క్లుప్తంగానైనా రాయాలి. పెట్టే షరతులు మనిషి పాటించగలిగేవై ఉండాలి.

చదువు లేని, డబ్బు లేని, రాకపోకలకు మనిషి లేని ఖైదీలే ఇంతకాలం వరసలో వెనక మిగిలిపోయారు. ఈ తీర్పు వాళ్ళ కోసం. అయినా కాగితం మీద బాధ్యత ఉన్నంత మాత్రాన ఫైలు కదలదు. తీర్పు తేదీ రాసుకుని జైలుకి వెళ్ళి, "మావాడికి అర్హత ఏ తేదీకి వస్తుందండీ, ఫైలు ఎప్పుడు పంపుతారండీ" అని అడిగితే కదులుతుంది.

జనవరి 26కో, ఆగస్టు 15కో విడుదల జీవో వస్తుందంటే ఊరంతా ఆశ పెట్టుకుంటుంది. ప్రతి జీవోలోనూ ఎవరికి వర్తించదో కూడా రాసి ఉంటుంది. మొదట ఆ భాగం చదవండి. శిక్ష పడిన నాటి విధానాన్ని బట్టి పరిశీలించాలని, తర్వాత వచ్చినది ఖైదీకి మరింత మేలు చేసేదైతే దాన్నీ చూడాలని 2010లో హర్యానా ప్రభుత్వానికీ జగదీశ్‌కీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు అన్నది. కాబట్టి శిక్ష పడిన ఏడాది నాటి జీవో కూడా సంపాదించండి. స్వాతంత్ర్య అమృతోత్సవాల పేరిట కేంద్రం 2022 ఆగస్టు 15, 2023 జనవరి 26, 2023 ఆగస్టు 15 తేదీల్లో ఇచ్చిన ప్రత్యేక తగ్గింపులో, 18 నుంచి 21 ఏళ్ళ మధ్య నేరం చేసి వేరే కేసులేవీ లేనివాళ్ళు సగం శిక్ష పూర్తి చేస్తే చాలన్నారు. యావజ్జీవ ఖైదీలకు అది వర్తించలేదు. కానీ లేత వయసులో చేసిన నేరాన్ని వేరుగా చూడవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్న సంగతి మీ అర్జీలో రాసుకోవడానికి పనికొస్తుంది. 1980లో బచన్‌సింగ్ తీర్పు కూడా చిన్న వయసును శిక్ష తగ్గించే కారణాల్లో చేర్చింది.

చిలకలూరిపేట బస్సు

మన నేల మీద క్షమాభిక్ష అంటే ఏమిటో చెప్పాల్సి వస్తే చలపతి, విజయవర్ధనం పేర్లు తప్పించుకోలేం. 1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు దళిత యువకులు దోపిడీకి పూనుకున్నారు. ప్రయాణికుల్ని బెదిరించడానికి పెట్రోలు చల్లారు. బస్సు అంటుకుంది. 23 మంది కాలిపోయారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ ఉదయం ఏమై ఉంటుందో తలచుకోకుండా ఈ కేసు గురించి మాట్లాడకూడదు. 1995లో గుంటూరు కోర్టు ఇద్దరికీ ఉరి వేసింది. 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష అర్జీ తోసిపుచ్చారు. 1997 మార్చి ఆఖరులో రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉరికి తేదీ ఖాయమైంది. చివరి ఘడియలో సుప్రీంకోర్టు ఆపింది.

ఆ వ్యవధిలో జరిగిన పనే మనకి పాఠం. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, బెంగాల్ నుంచి రచయిత్రి మహాశ్వేతాదేవి కదిలారు. ఈ ఇద్దరూ ఏమీ చెయ్యలేదని వాళ్ళు వాదించలేదు. డబ్బు కోసం వచ్చారు, చంపడానికి రాలేదన్నారు. పేదరికం చూడమన్నారు, వయసు చూడమన్నారు. కారంచేడులో, చుండూరులో దళితుల్ని నరికినవాళ్ళకి పడని ఉరి ఈ దళిత కుర్రాళ్ళకి ఎందుకు పడిందని అడిగారు. ఒక రాష్ట్రపతి కాదన్న తర్వాత మళ్ళీ అర్జీ పెట్టారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు.

ఒకసారి కాదన్నారంటే అది ఆఖరి మాట కాదు. ఈ సంగతి మన జిల్లాకి దగ్గరి జైల్లోనే రుజువైంది. అలాగని ప్రతి ఉద్యమమూ గెలవదు. నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల కోసం దేశమంతా అడిగినా 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో వాళ్ళని ఉరితీశారు. రెండూ తెలిసి ఉండటం మంచిది. ఆశ పెట్టుకోండి, పూచీ మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకండి. "ఇన్ని లక్షలిస్తే ఆగస్టు పదిహేనుకి బయటికి తెస్తా" అనేవాణ్ణి అసలు గుమ్మం ఎక్కనివ్వకండి.

సిఫార్సు ఉత్తరం చేసే చెరుపు

మన ఊళ్ళల్లో ఏ పనికైనా ముందు ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్ గుర్తొస్తుంది. ఈ పనిలో అది చేటు చెయ్యగలదు. కర్నూలు వైపు ఒక కాంగ్రెస్ నాయకుడికి హత్య కేసులో పదేళ్ళ శిక్ష పడితే, 2005లో మిగిలిన శిక్షని గవర్నరు రద్దు చేశారు. ఫైల్లో ఉన్న నివేదికలో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని రాసి ఉంది. హతుడి కుటుంబం తరఫున ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2006 అక్టోబర్‌లో జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ కపాడియా ఆ విడుదలను కొట్టేశారు. కులం, మతం, రాజకీయ విధేయత చూసి ఇచ్చిన క్షమాభిక్ష చెల్లదన్నారు. అంటే గవర్నరు సంతకం కూడా సమీక్షకు నిలవాలి. మీకు కావలసింది వచ్చి నిలిచే విడుదల.

మరి ఎవరి ఉత్తరం పనికొస్తుంది? జైల్లో చదువు చెప్పిన మాస్టారిది. వడ్రంగం, నేత, బేకరీ ఏదైతే అది నేర్పిన వార్డరుది. పెరోల్ మీద వచ్చిన ప్రతిసారీ గొడవ లేకుండా వెళ్ళి తిరిగి లొంగిపోయాడని స్టేషన్ రికార్డు. బయటికొస్తే పని ఇస్తానని కొబ్బరి వ్యాపారో, రొయ్యల చెరువు యజమానో, రైసు మిల్లు వాళ్ళో తమ పేరుతో రాసిచ్చిన కాగితం. "నా ఇంట్లో ఉంచుకుంటాను, పోషిస్తాను" అని అన్నో, బావో, మేనమామో ఇచ్చే అఫిడవిట్. గ్రామ పంచాయతీ తీర్మానం అయితే మంచిది, అందులో అన్ని పేటలవాళ్ళ సంతకాలూ ఉంటే ఇంకా మంచిది. ప్రొబేషన్ అధికారి విచారణకు వచ్చినప్పుడు ఊరు ఒక్కమాట మీద ఉండాలి.

2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు చూడమన్న ఐదు సంగతులు గోడ మీద రాసుకోదగ్గవి. నేరం సమాజం మొత్తాన్ని కుదిపినదా, వ్యక్తుల మధ్య జరిగినదా? మళ్ళీ చేసే అవకాశం ఉందా? నేరం చేసే శక్తి అతనిలో ఇంకా మిగిలి ఉందా? ఇంకా లోపల ఉంచితే ప్రయోజనం ఉందా? కుటుంబం ఆర్థిక, సామాజిక పరిస్థితి ఏమిటి? మీ ఫైల్లో ప్రతి కాగితం ఈ ఐదింటిలో దేనికో ఒకదానికి జవాబు కావాలి. కానిది తీసెయ్యండి. పెద్ద ఫైలు ఎవరూ చదవరు.

అవతలి ఇల్లు

ఈ భాగం రాయడం కష్టం, చదవడం ఇంకా కష్టం. చనిపోయినవాళ్ళకీ ఒక తల్లి ఉంది. చాలాసార్లు ఆ ఇల్లు పక్క వీధిలోనే ఉంటుంది. మీవాడి విడుదల గురించి పోలీసులు విచారణకి వచ్చినప్పుడు వాళ్ళనీ అడుగుతారు. "వాడొస్తే మాకు ప్రాణభయం" అని వాళ్ళంటే ఫైలు అక్కడే ఆగిపోవచ్చు.

గల్ఫ్ దేశాల్లో అయితే హతుడి కుటుంబం ఇచ్చే క్షమ మీదే చాలా నడుస్తుంది. 2005లో దుబాయ్‌లో నేపాలీ కాపలాదారు హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతం వాళ్ళు కొందరు జైలు పాలయ్యారు. 2011లో కె.టి.ఆర్. నేపాల్ వెళ్ళి ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయలిచ్చి క్షమాపత్రం రాయించుకొచ్చారు. అంత చేసినా వెంటనే వదల్లేదు. అర్జీలు మళ్ళీ మళ్ళీ పెట్టాక, పద్దెనిమిదేళ్ళ తర్వాత, 2024 ఫిబ్రవరి నాటికి వాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళకి చేరారు. మన కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళిన ఇళ్ళవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన చట్టంలో హతుడి కుటుంబం సమ్మతి తప్పనిసరి కాదు. డబ్బిచ్చి సంతకం కొనే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. అది బెదిరింపుగా మారుతుంది, కొత్త కేసు తెస్తుంది. చెయ్యగలిగింది ఇంకోటి ఉంది. ఇన్నేళ్ళల్లో మీ ఇంటివాళ్ళెవరూ వాళ్ళని పల్లెత్తు మాట అనకుండా ఉండటం. వాళ్ళింట్లో పెళ్ళికో చావుకో ఎదురుపడితే తలవంచుకుని తప్పుకోవడం. ఊరి పెద్ద ద్వారా "మావాడు చేసినదానికి మేం సిగ్గుపడుతున్నాం" అని చెప్పించడం. ఆ మాట వాళ్ళు స్వీకరించకపోవచ్చు. అది వాళ్ళ హక్కు. స్వీకరించకపోయినా మీరు చెప్పవలసిందే, అర్జీ కోసం కాదు, చెప్పవలసిన మాట కాబట్టి.

లోపలున్న మనిషి

సగం పని అతనే చెయ్యాలి. పెరరివాళన్‌ని రాజీవ్ గాంధీ హత్య కేసులో 1991 జూన్‌లో అరెస్టు చేసినప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఉరిశిక్ష నీడలో ఉండి కూడా ప్లస్ టూ మంచి మార్కులతో పాసయ్యాడు, ఇగ్నో కోర్సులు చదివాడు, తోటి ఖైదీలకి పాఠం చెప్పాడు. అతని తల్లి అర్పుతమ్మాళ్ జోలార్‌పేట నుంచి బయల్దేరి ముప్పై ఏళ్ళు తిరిగింది. 2014లో ఉరి తగ్గింది. 2018 సెప్టెంబర్‌లో తమిళనాడు మంత్రివర్గం విడుదల చెయ్యమంది. గవర్నరు దగ్గర ఆ ఫైలు ఏళ్ళు ఆగి, తర్వాత రాష్ట్రపతికి వెళ్ళింది. 2022 మే 18న సుప్రీంకోర్టు ఆ జాప్యాన్ని తప్పుపట్టి, 142వ అధికరణం కింద తానే విడుదల చేసింది. అతని విడుదలకు కోర్టు చూపిన కారణాల్లో జైలు ప్రవర్తన, చదువు, ఆరోగ్యం ఉన్నాయి. అవి అతనూ తల్లీ ముప్పై ఏళ్ళు కూడబెట్టినవి.

కాబట్టి ములాఖత్‌లో ఇంటి సంగతులు, కేసు సంగతులతో పాటు "ఏం చదువుతున్నావురా, ఏ పని నేర్చుకుంటున్నావు" అని అడగండి. సార్వత్రిక విశ్వవిద్యాలయం కోర్సులు, పదో తరగతి ఓపెన్ స్కూలు, ఏదో ఒకటి. జైల్లో పడిన ఒక్క శిక్ష, ఒక కొట్లాట, ఒక సెల్‌ఫోను దొరకడం, ఏళ్ళ మంచి రికార్డుని పాడు చేస్తుంది. ఈ మాట అతనికి ప్రేమగా, మళ్ళీ మళ్ళీ చెప్పండి. బెంగ పెట్టుకున్నట్టు కనిపిస్తే జైలు డాక్టరుకి చెప్పమనండి. చిన్నప్పుడే లోపలికెళ్ళినవాళ్ళకి బయటి లోకం తెలియదు. వాళ్ళకి విడుదల మీద ఆశ ఎంత ఉంటుందో భయమూ అంతే ఉంటుంది.

కాదన్నప్పుడు

కాదన్న ఉత్తర్వు కాపీ తీసుకోండి. అందులో కారణం లేకపోతే అదే మీకు ఆధారం. రాజ్యాంగం 226 కింద హైకోర్టులో రిట్ వెయ్యవచ్చు. పోలీసు నివేదిక వ్యతిరేకంగా ఉందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చితే చెల్లదని, మొత్తం పరిస్థితి చూడాలని 2023లో బిహార్‌కు చెందిన రాజో కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఉరిశిక్ష కేసుల్లో అర్జీ తేల్చడంలో అతిజాప్యం జరిగితే అదే శిక్ష తగ్గించడానికి కారణమని 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ తీర్పు చెప్పింది.

వకీలుకి డబ్బు లేదని ఆగకండి. కస్టడీలో ఉన్న మనిషికి, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 చెబుతోంది. రాజమహేంద్రవరంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, అమలాపురం కోర్టులో మండల కమిటీ ఉంది. ఏదీ కుదరకపోతే 15100 నంబరుకి ఫోన్ చెయ్యండి. అల్లవరం నుంచి అమలాపురం ఆటోలో వెళ్ళే దూరమే. తీర్పు నకలు, కస్టడీ సర్టిఫికెట్, బడి సర్టిఫికెట్ ఈ మూడూ చేతపట్టుకుని వెళ్ళండి.

విడుదల వచ్చిందా, షరతులు ఆ రోజే ఇంట్లో అందరూ కూర్చుని గట్టిగా చదవండి. ఏ స్టేషన్‌లో ఎప్పుడు హాజరవ్వాలో, ఏ ఊరు దాటకూడదో గోడ క్యాలెండరు మీద రాయండి. షరతు తప్పితే మళ్ళీ లోపలికి పంపే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. పంపేముందు నోటీసు ఇచ్చి అతని మాట వినాలి. మొదటి ఏడాది అతణ్ణి ఒంటరిగా వదలకండి, పెళ్ళి తొందరలు పెట్టకండి, పనిలో పెట్టండి.

ఇది చదువుతున్నది ఖైదీ ఇంటివాళ్ళు కాకపోతే మీకూ ఒక మాట. మీ ఊళ్ళో అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. బడి రిజిస్టరు వెతకడానికి, అర్జీ రాయడానికి, అమలాపురం దాకా తోడు వెళ్ళడానికి ఆ తల్లికి చదువుకున్న మనిషి ఒకరు కావాలి. ఈ వారమే వెళ్ళి అడగండి.